గురువుగారి సింథసైజర్‌కు లక్షా పదివేలు పెట్టవచ్చునా?

కాకినాడ నుంచి ఒక పాఠకురాలు సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. ఆమెకు 39 ఏళ్లు. ఇంటి దగ్గర పదకొండు మంది పిల్లలకు కీబోర్డు నేర్పుతారు. వారిలో నలుగురు లండన్‌కు చెందిన ట్రినిటీ సంస్థ నిర్వహించే సంగీత గ్రేడ్ పరీక్షలకు తయారవుతున్నారు. ఏడాదికి నాలుగైదు సార్లు ఊళ్లోని లైట్ మ్యూజిక్ బృందంతో వేదిక మీద కూడా వాయిస్తారు. ఆమెకు విద్య చెప్పిన గురువుగారు 1980లలో మద్రాసు రికార్డింగ్ స్టూడియోలలో కీబోర్డు వాయించి, తర్వాత సొంత ఊరికి తిరిగి వచ్చిన వ్యక్తి. నాలుగేళ్లపాటు పైసా తీసుకోకుండా ఆమెకు పాఠం చెప్పారు. ఏడాది క్రితం ఆయన కాలం చేశారు. శబ్దాలను తానే తయారుచేసే ఎలక్ట్రానిక్ కీబోర్డును సింథసైజర్ అంటారు. ఆయన వాడిన యమహా డీఎక్స్‌7 సింథసైజర్‌ను ఇప్పుడు కొడుకు అమ్మదలచి, మొదటగా ఈమెనే అడిగారు. ధర 1,10,000 రూపాయలు. "ఇది యాంటిక్ పీసు, ఇక దొరకదు" అన్నారు. నెలాఖరులోగా చెప్పకపోతే హైదరాబాదులో అడుగుతున్న మరొకరికి ఇచ్చేస్తానన్నారు.

ఆమె దగ్గర చీటీ పాడిన డబ్బు 1,30,000 ఉంది. అది అబ్బాయి ఇంటర్ ఫీజుకని అనుకున్న డబ్బు. "లాప్‌టాప్‌లో ఉచితంగా వచ్చే శబ్దానికి లక్ష ఎవరు పోస్తారు?" అని భర్త అడిగారు. వాద్యాన్ని చూడటానికి వెళ్లినప్పుడు గురువుగారి భార్య పక్కనే కూర్చుని, "ఆయనే ఉంటే నీకు ఊరికే ఇచ్చేవారమ్మా" అన్నారట. ఆ మాట విన్న తర్వాత బేరం చేయడానికి ఆమెకు నోరు రాలేదు. ఆ వాద్యం ముక్కూ మొహం తెలియని వారి ఇంటికి వెళ్లిపోతుందంటే తట్టుకోలేకపోతున్నానని రాస్తూ, అది నిజంగా అంత విలువ చేస్తుందా, వీణకూ మృదంగానికీ ఉన్నట్టు ఒక డిజిటల్ యంత్రానికి విలువ ఉంటుందా, తనది అవసరమా ఆశా అని అడిగారు.

మీరు ఒక్క వాక్యంలో దాటేసిన సంగతితో మొదలుపెడతాను. "గురువుగారు స్వయంగా చేసుకున్న టోన్లు ఇంకా అందులోనే ఉన్నాయి, వాటి పేర్లు తెర మీద చూశాను" అని రాశారు. టోన్ అంటే వాద్యంలో దాచిపెట్టుకునే ఒక్కో రకం శబ్దం. ధర మాట తర్వాత చూద్దాం, ముందు ఆ టోన్లను కాపాడుకోవాలి. డీఎక్స్‌7 లోపల 32 టోన్లకు మాత్రమే చోటు ఉంటుంది. కరెంటు తీసేసినా అవి చెరిగిపోకుండా నిలుపుతున్నది లోపలి బోర్డుకు టంకం వేసి బిగించిన రూపాయి బిళ్లంత బ్యాటరీ. అది అయిపోయిన రోజున ఆ పేర్ల స్థానంలో అర్థం లేని అక్షరాలు కనిపిస్తాయి, వాటి వెనుక ఉన్న టోన్లు పోతాయి. ఆ బ్యాటరీ చివరిసారి ఎప్పుడు మార్చారో బహుశా వాళ్ల అబ్బాయికి తెలిసి ఉండదు. మంచి మెకానిక్ కూడా, ఎవరూ హెచ్చరించకపోతే, బ్యాటరీ మార్చే పనిలో ఆ టోన్లను చెరిపేయగలడు. కాబట్టి మీరు కొన్నా, హైదరాబాదు ఆయన కొన్నా, ముందు వాటికి ఒక ప్రతి తీసి పెట్టండి.

అది కష్టమైన పని కాదు. ఎలక్ట్రానిక్ వాద్యాలు, కంప్యూటర్ల మధ్య సమాచారం పంపే పద్ధతిని మిడి అంటారు. వాద్యం వెనుక ఉన్న మిడి అవుట్ నుంచి యూఎస్‌బీ మిడి ఇంటర్‌ఫేస్ ద్వారా లాప్‌టాప్‌కు కలిపి, సిసెక్స్ సందేశాలను (టోన్ల వివరాలను మోసే మిడి సందేశాలను) అందుకునే ఉచిత సాఫ్ట్‌వేర్ ఒకటి తెరిచి, 32 టోన్లనూ ఒకేసారి పంపించమని వాద్యానికి చెప్పాలి. మరీ చవకగా దొరికే మిడి కేబుళ్లు ఇలాంటి పొడవైన సందేశాన్ని మధ్యలో తుంచేస్తుంటాయి, కాబట్టి రికార్డింగ్ పని చేసేవారి దగ్గర కాస్త మంచి ఇంటర్‌ఫేస్ ఒక పూటకు అడిగి తీసుకోండి. వచ్చిన ఫైలు సరిగ్గా 4,104 బైట్లు ఉంటే మొత్తం చేరినట్టు. వాట్సాప్‌లో వచ్చే గుడ్ మార్నింగ్ బొమ్మ దీనికంటే ఎన్నో రెట్లు పెద్దది! అయితే ఇది గురువుగారి చేతిపని కనుక, వాళ్ల అబ్బాయికి చెప్పి, ఆయన సరేనన్న తర్వాతే చేయండి. ఒక ప్రతి ఆయనకూ ఇవ్వండి.

ఇంత సులభంగా ప్రతి తీయగలగడంలోనే మీ రెండో ప్రశ్నకు జవాబు చాలావరకు ఉంది. బొబ్బిలిలో ఒకే పనస మొద్దు నుంచి చెక్కిన ఏకాండి వీణకు మరో ప్రతి ఉండదు; ఆ చెక్క, ఆ చెక్కడం, ఏళ్ల తరబడి దాని మీద పడిన చేయి అన్నీ కలిసి దాని నాదం అవుతాయి. డీఎక్స్‌7 నాదం అలా పుట్టదు, లెక్కలో పుడుతుంది. వీణ మీద తీగను మెట్టు దగ్గర అటూ ఇటూ ఊపితే స్వరం కంపిస్తుంది కదా. ఆ ఊపు సెకనుకు ఐదారు సార్లున్నంత వరకు మన చెవికి కంపనంగానే వినిపిస్తుంది. అదే ఊపును సెకనుకు వందల సార్లకు పెంచగలిగితే కంపనం అన్నదే వినిపించదు, స్వరం రంగే మారిపోతుంది. గంటలాగానో, ఇత్తడి వాద్యంలాగానో, గాజు మీద కొట్టినట్టుగానో మోగుతుంది. అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయంలో జాన్ చౌనింగ్ ఈ సంగతిని 1967లో కంప్యూటర్ మీద గమనించారు. అక్కడి ఆర్గాన్ కంపెనీలు పెదవి విరిచిన ఆ పద్ధతిని జపాన్‌కు చెందిన యమహా లైసెన్సు తీసుకుని, చివరికి 1983లో డీఎక్స్‌7గా బజారులోకి తెచ్చింది. ఆరు సాదా తరంగాలు, ఏది దేనిని ఊపాలో చెప్పే 32 రకాల అమరికలు, ఒక్కో తరంగం ఎంత త్వరగా లేచి ఎంత నెమ్మదిగా తగ్గాలో చెప్పే అంకెలు: ఒక టోన్ అంటే ఇంతే. గురువుగారి ప్రతిభ ఆ అంకెల ఎంపికలో ఉంది. ఆ అంకెలను మరో యంత్రంలో వేస్తే దాదాపు అదే శబ్దం వస్తుంది.

అందువల్ల శబ్దం విషయంలో మీవారి మాట సరైనదే. డెక్స్‌డ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ డీఎక్స్‌7 టోన్ ఫైళ్లను నేరుగా చదువుతుంది. పాత యంత్రంలోని గరుకుతనాన్ని అనుకరించే అమరిక కూడా అందులో ఉంది. పక్కపక్కన పెట్టి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని వింటే తేడా పట్టే చెవులు ఉంటాయి. తబలా, ప్యాడ్స్, గాయకుల గొంతుల మధ్య ఆ తేడాను పట్టుకోవడం అందరి వల్లా కాదు. నమ్మకం కుదరకపోతే మీ శిష్యులలో ఒకరిని తెర వెనుక కూర్చోబెట్టి, రెండింటినీ మార్చి మార్చి వాయించమనండి.

కానీ సింథసైజర్ ధర శబ్దం ఒక్కదానికే కాదు. దాని కీలు ఎలా ఉన్నాయి, వేలు ఎంత గట్టిగా తగిలిందో ఎంత నిజాయితీగా చెబుతాయి, నొక్కిన తర్వాత ఇంకా ఒత్తితే స్పందిస్తాయా, వేదిక మీద మధ్యలో ఆగిపోకుండా ఉంటుందా అన్నవన్నీ ధరలో భాగాలే. వీటిలో కొన్నింటిలో డీఎక్స్‌7 ఇప్పటికీ చాలా కొత్త కీబోర్డుల కంటే మెరుగు. గట్టిగా కొడితే శబ్దం పెరగడమే కాక దాని స్వభావం కూడా క్రమంగా మారడం ఈ పద్ధతికి సహజగుణం. రికార్డు చేసి పెట్టిన శబ్దాలతో పనిచేసే మామూలు కీబోర్డులలో ఆ మార్పు మెట్లు మెట్లుగా తెలుస్తుంది. గురువుగారి దగ్గర మీ వేళ్లకు అలవాటైనది అదేనని అనుకుంటున్నాను. మీరు రాసిన "మెత్తగా నొక్కితే గంట, గట్టిగా నొక్కితే గాజు" అన్న మాట దీనికి సరిగ్గా సరిపోతుంది.

ఇప్పుడు మీ పని వైపు నుంచి చూద్దాం. ట్రినిటీ ఎలక్ట్రానిక్ కీబోర్డు పరీక్షలకు స్టయిల్స్ (తయారుగా ఉన్న తాళం, నేపథ్యం), ఆటో అకంపనిమెంట్ (దానంతట అదే తోడు వాయించే సదుపాయం) ఉన్న వాద్యం కావాలి; డీఎక్స్‌7లో అవి లేవు. స్పీకర్లు లేవు, రిథమ్ లేదు, రివర్బ్ (గదిలో ప్రతిధ్వనించినట్టు వినిపించే హంగు) లేదు. ఒక సమయంలో ఒకే టోన్ పలుకుతుంది, కనుక ఎడమ చేతికి స్ట్రింగ్స్, కుడి చేతికి పియానో అని కీబోర్డును విడదీయలేరు. వేదిక మీద బృందం మిమ్మల్ని అడిగే వేణువు, నాదస్వరం, స్ట్రింగ్స్ అందులో నమ్మదగినట్టు రావు. దానినే మాస్టర్ కీబోర్డుగా పెట్టుకుని లాప్‌టాప్‌ను వాయిద్దామన్నా చిక్కే: పాత డీఎక్స్‌7 కీలు మిడి ద్వారా పూర్తి స్థాయి బలాన్ని పంపవు, మిగతా వాద్యాలు కాస్త నీరసంగా పలుకుతాయి. పైగా అది 14 కిలోల పైచిలుకు బరువు. అంటే, ఇది కొన్నందువల్ల మీ సంపాదనలో ఒక్క రూపాయి పెరిగే మార్గం నాకు కనిపించడం లేదు. సంపాదన పెరగకపోతే కొనకూడదని నేను అనను. అయితే ఫీజు డబ్బును పెట్టుబడి అన్న పేరుతో ఇందులో పెట్టవద్దని మాత్రం అంటాను.

"ఇక దొరకదు" అన్న మాటను కూడా పరీక్షించాలి. డీఎక్స్‌7 ప్రపంచంలో ఎక్కువగా అమ్ముడైన సింథసైజర్లలో ఒకటి. లక్షన్నరకు పైగా అమ్ముడయ్యాయి. 1983లో అమెరికాలో దాని ధర 1,995 డాలర్లు. డాలరు పది రూపాయల చుట్టూ ఉన్న ఆ రోజుల్లో అది సుమారు 20,000 రూపాయలు. దాని మీద ఆనాటి దిగుమతి సుంకాలు, తెచ్చినవారి లాభం కలిపితే గురువుగారు ఎంత పెట్టి ఉంటారో ఊహించండి. వాళ్ల అబ్బాయి మనసులో ఉన్నది చిన్నప్పుడు ఇంట్లో విన్న ఆ పెద్ద మొత్తం కావచ్చు. ఆయన మోసం చేస్తున్నారని నేను అనుకోవడం లేదు. కానీ నేడు విదేశాలలో పనిచేసే స్థితిలో ఉన్న పాత డీఎక్స్‌7 సాధారణంగా కొన్ని వందల డాలర్లకే చేతులు మారుతోంది. లెక్కతో కాక విద్యుత్ సర్క్యూట్లతోనే శబ్దం పుట్టించే కొన్ని పాత అనలాగ్ సింథసైజర్ల ధరలు ఆకాశానికి వెళ్లిన మాట నిజమే. డిజిటల్ వాటికి ఆ భాగ్యం అరుదుగా పట్టింది, కారణం పైన చెప్పినదే. మన దేశంలో ఇవి తక్కువ కనుక కొంత ఎక్కువ ఇవ్వవచ్చు. అదే సమయంలో మన దగ్గర వీటిని బాగుచేసేవారు అంతకంటే తక్కువ కనుక కొంత తగ్గించాలి. లోపలి ముఖ్యమైన చిప్‌లు యమహా ప్రత్యేకంగా చేయించుకున్నవి. అవి పోతే మరో పాత డీఎక్స్‌7ను విప్పి తీసుకోవడం తప్ప దారి లేదు. అన్నీ చక్కగా పనిచేస్తుంటే నేనైతే నలభై, యాభై వేల మధ్య ఆగుతాను. లక్షా పదివేలు నా లెక్కకు ఎటునుంచి చూసినా అందడం లేదు.

"చక్కగా పనిచేస్తుంటే" అన్న షరతును తేలికగా తీసుకోవద్దు. మీరు చూసినప్పుడు పది నిమిషాలు వాయించి వచ్చారు. మళ్లీ వెళ్లి కనీసం గంటసేపు ఆన్‌లో ఉంచండి. 61 కీలనూ ఒక్కొక్కటిగా మెత్తగా, గట్టిగా నొక్కి చూడండి. ఏ కీ అయినా ఎంత మెత్తగా తాకినా గట్టిగానే పలికితే దాని స్పర్శ పోయినట్టు. ముందున్న చదును బటన్లు ప్రతి ఒక్కటీ ఒక్క నొక్కుకే స్పందించాలి. పిచ్ చక్రాన్ని వదిలినప్పుడు స్వరం సరిగ్గా శ్రుతికి తిరిగి రావాలి, లేకపోతే గమకం మాట అటుంచి మామూలు పాట కూడా వాయించలేరు. వెనుక మిడి సాకెట్లు పనిచేస్తున్నాయో లేదో టోన్ల ప్రతి తీసేటప్పుడే తెలుస్తుంది.

ఇంకొకటి. "దానితో పాటు ఒక బరువైన నల్ల పెట్టె కూడా ఇస్తామన్నారు, అదేమిటో నాకు తెలియదు" అని రాశారు. అది స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ అయి ఉంటుంది. జపాన్‌లో ఇంటి కరెంటు 100 వోల్టులు, అమెరికాలో 120, మన దగ్గర 230. వాద్యం వెనుక లేబుల్ మీద ఎంత రాసి ఉందో చూడకుండా దానిని నేరుగా గోడ ప్లగ్గులో పెట్టవద్దు, ఎవరినీ పెట్టనివ్వవద్దు. మద్రాసు నుంచి కాకినాడ వరకు క్షేమంగా వచ్చిన వాద్యం ఒక్క క్షణంలో పోగలదు.

ఇక అమ్మగారి మాట. "ఆయనే ఉంటే నీకు ఊరికే ఇచ్చేవారు" అన్నది మిమ్మల్ని బేరానికి అనర్హురాలిని చేయడానికి అన్న మాట కాదు. నాకు అందులో కొడుకు అడుగుతున్న ధర పట్ల ఆమెకున్న మొహమాటం వినిపించింది. మీరు మాత్రం దానిని అప్పుచీటీలాగా చదువుకున్నారు. నాలుగేళ్ల ఉచిత పాఠానికి బదులుగా అడిగినంత ఇవ్వాలి అన్న లెక్క మీ మనసులో నడుస్తోంది. గురుదక్షిణ ఇవ్వాలని ఉంటే అది అమ్మగారికి విడిగా, మీ చేతనైనంత, ఒక చీరతోనో పండ్లతోనో కలిపి ఇవ్వండి. దానిని వాద్యం ధరలో దాచి కొడుకు చేతికి ఇస్తే, ఇచ్చినట్టు ఆమెకు తెలియదు, ఎక్కువ పెట్టానన్న బాధ మీకు పోదు. వాళ్ల ఇంట్లో డబ్బు ఇబ్బంది ఏమైనా ఉందా అన్నది కూడా మీకు తెలియదు. ఉంటే ఆయన ధర తగ్గించలేకపోవడానికి అదే కారణం కావచ్చు, అప్పుడు మీరు మాట్లాడే తీరు వేరుగా ఉండాలి.

మీ ముందున్న దారుల సంగతికి వస్తాను. అడిగిన ధరకే కొనవచ్చు. గురువుగారి వాద్యం మీ ఇంట్లో ఉంటుంది, మీకు కొన్నాళ్లు మనశ్శాంతి దొరుకుతుంది. కానీ జూన్‌లో కాలేజీ ఫీజుకు అప్పు చేయాల్సి వచ్చినప్పుడు, ఒక కీ మొరాయించి మెకానిక్ కోసం చెన్నై దాకా వెతకాల్సి వచ్చినప్పుడు ఇంట్లో వినవలసిన మాటలు మీకే తెలుసు. రెండోది, పరీక్షించి, చూసిన లోపాలను దాచకుండా చెప్పి, యాభై వేల లోపు ఒక మాట చెప్పి రావడం. ఆయన ఒప్పుకుంటే చీటీ డబ్బులో ఇంకా 80,000 మిగులుతుంది. ఒప్పుకోకపోతే వాద్యం హైదరాబాదు వెళ్లవచ్చు. ఆ కొనుగోలుదారు నిజంగా ఉండవచ్చు, లేకపోవచ్చు. నెలాఖరు గడువును బట్టి మీ మాటను మార్చుకోవద్దు.

మూడోది నాకు కాస్త ఎక్కువగా నచ్చినది కనుక పక్షపాతంతోనే చెబుతున్నాను. టోన్ల ప్రతి తీసుకున్న వెంటనే, ఏమీ కొనకుండా, ఇప్పుడున్న మీ కీబోర్డును యూఎస్‌బీ ద్వారా లాప్‌టాప్‌కు కలిపి, డెక్స్‌డ్‌లో గురువుగారి టోన్లను వేసి రెండు వారాలు వాయించండి. వేలికీ శబ్దానికీ మధ్య జాప్యం తెలుస్తుంటే ఆడియో అమరికలలో బఫర్ (శబ్దాన్ని ముందుగా పోగుచేసుకునే నిడివి) తగ్గించాలి. అప్పటికీ తగ్గకపోతే ఒక చిన్న ఆడియో ఇంటర్‌ఫేస్ అవసరమవుతుంది. రోజూ సాయంత్రం పిల్లలు వెళ్లాక మీరంతట మీరే లాప్‌టాప్ తెరుస్తున్నారా, మూడో రోజుకే మరిచిపోయారా అన్నది చూసుకోండి. తెరుస్తూ కూడా ఏదో లోటు తోస్తుంటే, అది కీల స్పర్శా లేక ఆ వాద్యం గురువుగారిదన్న భావమా అన్నది అప్పటికి మీకే తేలుతుంది. స్పర్శే అయితే మంచి కీలున్న మరో వాద్యం ఆ లోటు తీర్చగలదు. ఆ వాద్యం గురువుగారిది కావడమే అయితే మరేదీ తీర్చలేదు. అప్పుడు రెండో దారిలో ధైర్యంగా వెళ్లండి, అందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. నెలాఖరుకు ఇంకా మూడు వారాలుందని రాశారు కనుక ఈ పరీక్షకు సమయం సరిపోతుంది.

మరో వాద్యం మాట వచ్చింది కనుక ఒక జాగ్రత్త. రీఫేస్ డీఎక్స్ అనే చిన్న కీబోర్డును చూపించి "ఇది డీఎక్స్‌7కు వారసురాలు" అని దుకాణంలో చెప్పవచ్చు. దానిలో ఆరు తరంగాలకు బదులు నాలుగే ఉంటాయి, కీలు 37, అవీ చిన్నవి. గురువుగారి టోన్లు అందులో నేరుగా ఎక్కవు. వేదిక మీద నిజంగా ఉపయోగపడేది కావాలనుకుంటే, వాడిన యమహా ఎంఓడీఎక్స్ ఏదైనా మంచి స్థితిలో దొరుకుతుందేమో ఆరు నెలలు ఓపికగా చూడండి. డీఎక్స్‌7 తరహా పద్ధతితో పాటు స్ట్రింగ్స్, వేణువు వంటి రికార్డు చేసిన శబ్దాలూ అందులో ఉన్నాయి. టోన్లను పొరలుగా కలిపి వాయించవచ్చు. డీఎక్స్‌7 టోన్లను దానికి తగినట్టు మార్చే ఉపకరణాన్ని యమహాయే ఇచ్చింది. అయితే దానికీ డబ్బు కావాలి, ఆ డబ్బు ఫీజు చీటీ నుంచి కాకుండా వచ్చే చీటీ నుంచి వస్తే మీవారికి చెప్పడం సులభమవుతుంది.

మీవారితో మాట్లాడేటప్పుడు కూడా ముందు ఆయన మాటలో సరైనదాన్ని ఒప్పుకోండి. శబ్దం ఉచితంగా వస్తుందన్నది నిజమేనని చెప్పి, డెక్స్‌డ్ పెట్టే పని ఆయనకే అప్పగించండి. గురువుగారి టోన్ మొదటిసారి మీ లాప్‌టాప్ నుంచి పలికినప్పుడు ఆయన కూడా పక్కన ఉండటం మంచిది.

రెండోసారి చూడటానికి వెళ్లేటప్పుడు మీ హెడ్‌ఫోన్లు, అరువు తెచ్చిన మిడి ఇంటర్‌ఫేస్, చార్జింగ్ ఉన్న లాప్‌టాప్ తీసుకువెళ్లండి. గురువుగారి పాత నోటు పుస్తకాలలో టోన్ల అంకెలు రాసుకున్న కాగితాలు ఉన్నాయేమో అమ్మగారిని అడగండి. ఆ తరం వాళ్లు బ్యాటరీని నమ్మక చేత్తో రాసుకునేవారు. ధర కుదిరితే ఆ నల్ల పెట్టెను కూడా మరిచిపోకుండా అడిగి తెచ్చుకోండి.